తొమ్మిదో పిన్ను వెలగని రోజు

విజయవాడ ఆటోనగర్‌లో మిషను చెడితే మెకానిక్కుని పిలుస్తారు. మిషను బాగానే ఉండి పని చెడితే మణిమాలని పిలుస్తారు. ఈ రెండో రకం జబ్బు మహా మొండిది. కాలిన మోటారు కంపు కొట్టి తన తప్పు తానే ఒప్పుకుంటుంది. మిషనుని నడిపించే కంట్రోలరు అంత అమాయకమైంది కాదు. పచ్చదీపాలన్నీ వెలిగించుకుని పెళ్ళిపందిరిలా కూర్చుని, మధ్యలో చెయ్యకూడని పని ఒకటి చేసి ఊరుకుంటుంది.

కంప్యూటరు చెప్పినట్టు లోహాన్ని కోసే సి.ఎన్.సి. మిషనుకి కళ్ళూ చెవులూ ఉండవు. కంట్రోలరు పెట్టెలో వరసగా ఉండే ఇన్‌పుట్ పిన్నులే దానికి దిక్కు. బల్ల చివరిదాకా వచ్చేసిందని ఒక పిన్ను చెబుతుంది, తలుపు తీశారని ఇంకొకటి, మిషను ఆపే ఎర్ర బటన్ ఎవరో నొక్కారని మరొకటి. ఒక్కో పిన్ను పక్కనా ఒక బుల్లి దీపం. వెలిగితే ఉన్నట్టు, ఆరితే లేనట్టు. అంతకు మించి దానికి మాటలు రావు. మణిమాల ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ దీపాల ముందు పీట వేసుకుని కూర్చునేది.

కిందటి దసరా మర్నాడు ఒక షెడ్డులో మిషను మొరాయించింది. ముగ్గురు మెకానిక్కులు వచ్చి, కేబుళ్ళు మార్చి, కంట్రోలరునే మార్చమని తేల్చేశారు. మణిమాల వెళ్ళి చూస్తే మూడో పిన్ను వెలిగి ఉంది. అంటే, బల్ల చివరిదాకా వచ్చేసిందని సెన్సారు చెబుతోంది. బల్లేమో నడిమధ్యన ఉంది. వంగి చూస్తే సంగతి తెలిసింది. ఆయుధపూజకి దిష్టి తగలకూడదని నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండని సరిగ్గా ఆ సెన్సారు ముందు కట్టారు. గుచ్చింది దారానికి కాదు, ఇనపతీగకి. ఇనుము దగ్గరికొస్తే చెప్పడమే ఆ సెన్సారు ఉద్యోగం, అది చెప్పింది. దండని రెండు జానలు పక్కకి జరిపితే మిషను కదిలింది.

"పిన్ను అబద్ధమాడదు. మనం దాన్ని అడిగిన ప్రశ్నే తప్పయి ఉంటుంది," అని మణిమాల ఆ రోజు అందరిముందూ కాస్త గొప్పగానే అంది. ఆ మాట సొంత మనిషి రక్తం చూశాక కూడా అనాల్సి వస్తుందని అప్పటికి ఆమెకి తెలియదు.

ఆమె పెరిగింది మేనమామ సాంబశివరావు దగ్గర. ఆయనకి ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సు మూతలు తయారుచేసే షెడ్డు ఉంది. ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. మిషను నడుస్తున్నంతసేపూ ఎర్ర బటన్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి. పాత మిషను కొన్న కొత్తలో, బల్ల మీదికి వంగితే బటన్ చేతికి అందేది కాదు. పనివాణ్ణి పెట్టుకునే స్తోమతా లేదు. అందుకని ఆయన ఆ బటన్ని పెట్టె మీంచి ఊడదీసి, పొడుగు తీగ లాగి, గోడ పక్కన ఒక స్టూలు వేసి, దాని పక్కన స్తంభానికి బిగించాడు. ఆ స్టూలు మీద భార్య భ్రమరాంబని కూర్చోబెట్టాడు. తర్వాత కొత్త మిషను వచ్చింది, కలిసొచ్చింది కూడా, కానీ బటనూ స్టూలూ మాత్రం అక్కడే ఉండిపోయాయి.

భ్రమరాంబ ఆ స్టూలు మీద కూర్చుని కూరలు తరగడం, పత్రిక చదవడం లాంటివి ఏవీ పెట్టుకునేది కాదు. చెయ్యి ఖాళీగా ఉండాలని ఆమె పట్టుదల. చెయ్యి బటన్ మీద, నోరు ఊరి మీద. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఏ షెడ్డులో ఏ మేస్త్రీ మానేశాడో ఆమె చెబుతూ ఉండేది, ఆయన ఊఁ కొడుతూ మూతలు కోసేవాడు. ఇన్నేళ్ళలో ఆమె ఆ బటన్ నొక్కిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్ళు అన్నీ సాంబశివరావుకి ఉన్నాయంటే అందుకే.

ఈ ఇంటికి ఒక రోజు ఫిరోజా వచ్చింది. మణిమాలతో కలిసి చదువుకుని, విశాఖలో ఒక చిన్న ప్రయోగశాలలో స్ఫటికాలు పెంచుతున్న మనిషి. అత్తరు డబ్బా అంత పెట్టెలో పొగరంగు స్ఫటికం పలుకొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"దీని గుండా తీగ లాగి ఒక స్విచ్చి తగిలించానే. పిన్నులో దొంగ సిగ్నలు వస్తోంది. ఏం చేసినా పోవట్లేదు. పిన్నుల డాక్టరువి కదా, చూసిపెట్టు."

మణిమాల తనకి తెలిసిన వైద్యమంతా చేసింది. గాలిలో వేలాడే పిన్ను పక్కతీగల గొడవ విని ఉలిక్కిపడుతుందని, దాన్ని రెసిస్టరుతో కట్టేసింది. కవచమున్న కేబులు వేసింది. ఎర్తింగు మార్చింది. అయినా దొంగ సిగ్నలు వస్తూనే ఉంది. విసుగొచ్చి, అది వచ్చినప్పుడల్లా గడియారం చూస్తూ కూర్చుంటే, అసలు వింత అప్పుడు బయటపడింది. దీపం వెలిగిన నాలుగు సెకన్లకి ఎవరో ఒకరు స్విచ్చి నొక్కుతున్నారు. ప్రతిసారీ. అది దొంగ సిగ్నలు కాదు. ఇంకా నొక్కని నొక్కుడు తాలూకు సిగ్నలు, ముందుగా వచ్చేస్తోంది.

"అయితే వెలిగాక నొక్కకుండా ఉంటే?" అంది ఫిరోజా, గొంతు తగ్గించి.

ఇద్దరూ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. చాలాసేపటికి దీపం వెలిగింది. ఇద్దరూ కదల్లేదు. అటకమీంచి సాంబశివరావు ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పానా జారి, సరిగ్గా స్విచ్చి మీద పడింది. ఆ పానా మణిమాల పాదానికి వెంట్రుకవాసిలో తప్పింది. ఆ తర్వాత వాళ్ళు పంతాలకి పోలేదు. దీపం వెలిగితే నొక్కక తప్పదు. మనం నొక్కకపోతే లోకం నొక్కుతుంది, అది మనంత మెత్తగా నొక్కదు.

పలుకుని ఏ స్విచ్చికి తగిలించాలో ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఎర్ర బటన్ని నొక్కేది ప్రమాదం జరిగాకే. అది నాలుగు సెకన్ల ముందే తెలిస్తే మిషను ముందే ఆగుతుంది, ప్రమాదమే జరగదు. ఆగాక, జరగని ప్రమాదం కోసం మర్యాదగా ఒకసారి బటన్ నొక్కేస్తే లెక్క సరిపోతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ముందు మావయ్య మిషనుకే పెట్టింది మణిమాల. కంట్రోలరులో తొమ్మిదో పిన్ను ఖాళీగా ఉంటే దానికి తగిలించి, ఆపరేటరు కళ్ళెదుట పెద్ద దీపం ఒకటి అమర్చింది.

నెలల తరబడి పరీక్షలు చేశారు. బల్లకి అడ్డంగా కర్రముక్కలు పెట్టారు, బిగించాల్సినవి బిగించకుండా వదిలేశారు. ప్రతిసారీ తొమ్మిదో పిన్ను ముందే వెలిగింది, మిషను ఆగింది, స్టూలు మీంచి భ్రమరాంబ "ఆగిందిగా, ఇంకెందుకే" అని సణుగుతూనే బటన్ నొక్కింది. ఒక్కటంటే ఒక్కసారి కూడా తప్పలేదు. ఫిరోజా ఆనందం పట్టలేక ఏడ్చింది. కొనేవాళ్ళు వరస కట్టారు. వాళ్ళకి అన్నిటికంటే నచ్చిన సంగతి, మిషను దగ్గర ఇక రెండో మనిషి అక్కర్లేదన్నది. నలభై మిషన్లకి దీపాలు సిద్ధమయ్యాయి, దసరాకి బయల్దేరాలి.

సాంబశివరావుకీ అదే నచ్చింది. "ఇన్నేళ్ళు ఆ స్టూలు మీద కూర్చోబెట్టి నీ నడుం విరగ్గొట్టాను. ఇక హాయిగా ఇంటిపట్టున ఉండు," అన్నాడు భార్యతో. ప్రేమగానే అన్నాడు.

"మాట్లాడేవాళ్ళు లేక మీకే తోచదు," అంది ఆమె.

"దీపం ఉందిగా."

ఆమె స్టూలు మీంచి లేచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం క్యారేజీలో కూర ఉప్పు కషాయంలా ఉందని ఆయన మణిమాలతో చెప్పి నవ్వాడు. మణిమాల కూడా నవ్వింది.

స్టూలు ఖాళీ అయిన నెలలోపే ఆ సంగతి జరిగింది. మధ్యాహ్నం పూట బల్ల వెనక్కి తన మొదటి చోటుకి వెళుతోంది. బల్లకీ మిషను దిమ్మకీ మధ్య కోతలో రాలిన తరుగుముక్క ఒకటి ఇరుక్కుని కనిపించింది. పూర్వమైతే సాంబశివరావు మిషను ఆపి, బ్రష్షుతో తీసేవాడు. ఇప్పుడు తలెత్తి దీపం చూశాడు. వెలగలేదు. వెలగలేదంటే భయం లేదన్నమాటేగా. ఎడమచెయ్యి లోపలికి పెట్టాడు.

పక్క షెడ్డులో వెల్డింగు చేసుకుంటున్న జోజి కేక విని పరిగెత్తుకొచ్చి, బటన్ ఎక్కడుందో తెలియక గోడ మీద మెయిన్ స్విచ్చి లాగేశాడు. అప్పటికే రెండు వేళ్ళు పోయాయి.

ఆసుపత్రి వరండాలో భ్రమరాంబ ఏడవలేదు. చీర చెంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. మణిమాల పక్కన చేరితే ఒక్క మాట అంది. "నేను అక్కడ ఉండుంటే వెలిగుండేదే."

"పిన్నే వెలగనప్పుడు నువ్వుండి మాత్రం ఏం చేస్తావు అత్తయ్యా," అంది మణిమాల, ఓదార్పుగా. అంటుంటే తన గొంతు తనకే నచ్చలేదు. తను అమర్చిన దీపాన్ని నమ్మి ఆయన చెయ్యి పెట్టాడు. ఆ నమ్మకం ఆయనకి పుట్టించింది తనే.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తాళం తీసింది. బల్ల మీద నెత్తుటి మరకని ముందు తడిగుడ్డతో తుడిచింది, ఆ తర్వాతే మల్టీమీటరు తీసింది. తొమ్మిదో పిన్నుకి రావాల్సిన ఇరవైనాలుగు ఓల్టులూ వస్తున్నాయి. చిన్న తీగతో పిన్నుని ముట్టిస్తే దీపం వెలిగింది, కాబట్టి పిన్ను చావలేదు. అదే సిగ్నలుని పదో పిన్నుకి మార్చి చూసింది, అక్కడా బాగానే వస్తోంది. కవచం తెగలేదు, ఎర్తింగు ఊడలేదు, ఎవరూ అడ్డదారిన జంపరు తీగ వేసి సిగ్నలుని దాటవెయ్యలేదు. చివరికి స్టూలు దగ్గరికి వెళ్ళి బటన్ మీద చెయ్యి వేసింది. వెయ్యకముందే దీపం వెలిగింది. నాలుగు సెకన్లు. నొక్కింది. పలుకూ బాగానే ఉంది.

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వ్యవహారం. తప్పు దొరికితే బాగుచెయ్యొచ్చు. అన్నీ బాగున్నాయని తేలితే ఎవరు ఏం చెయ్యగలరు?

ఫిరోజాకి ఫోను చేసింది. "దసరాకి దీపాల బండ్లు కదలవు. ఆపించు."

"మావయ్యగారికి జరిగింది తలుచుకుంటే నాకు అన్నం దిగట్లేదు మణీ. కానీ ఇన్ని పరీక్షల్లో ఒక్కసారి తప్పింది. ఆ దీపాలు వెళ్ళిన చోటల్లా ఎన్ని చేతులు నిలుస్తాయో ఆలోచించు. ఎనిమిదేళ్ళ కష్టమే ఇది."

"ఎందుకు తప్పిందో తెలియకుండా పంపితే నలభై షెడ్లలో నలభై మంది తల పైకెత్తి దీపం చూసి చెయ్యి పెడతారు. నువ్వు బయల్దేరి రా. నీ కళ్ళతో చూద్దువుగాని."

ఫిరోజా వచ్చేసరికి సాంబశివరావు కూడా కట్టుతో షెడ్డులోకి వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఉండమంటే వినలేదు. భ్రమరాంబ ఆయన వెంట క్యారేజీ పట్టుకుని వచ్చింది కానీ, స్టూలు వైపు చూడకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు మావయ్యా. ఏదీ వదలకు," అంది మణిమాల.

"చెప్పడానికి ఏముందే. దీపం చూశాను, వెలగలేదు, చెయ్యి పెట్టాను. బల్ల పట్టేసింది. బటన్ కోసం చూస్తే స్టూలు దగ్గరుంది. అందదుగా. అరిచాను. జోజిగాడు వచ్చి మెయిన్ లాగాడు."

"బటన్ నొక్కలేదా?"

"ఎవరు నొక్కుతారు? మీ అత్తయ్య ఇంట్లో ఉందిగా."

మణిమాల పీట మీంచి లేచి నిలబడింది. నిమ్మకాయల దండా, తను ఆ రోజు గొప్పగా అన్న మాటా ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పిన్ను అబద్ధమాడదు.

"ఫిరోజా, మనం తొమ్మిదో పిన్నుని ఏమడుగుతున్నాం?"

"ప్రమాదం వస్తోందా అని."

"కాదు. మనం దాన్ని తగిలించింది ప్రమాదానికి కాదు, బటన్‌కి. దానికి ప్రమాదమంటే ఏంటో తెలియదు. ఇంకో నాలుగు సెకన్లకి ఎవరైనా నొక్కుతారా అని మాత్రమే అడిగాం. ఆ రోజు ఎవరూ నొక్కలేదు. నొక్కే మనిషే లేదు. లేదంది. నిజమే చెప్పింది."

ఫిరోజా మొహం పాలిపోయింది. అయినా సైంటిస్టు సైంటిస్టే. "మాటలు కాదు, చూపించు," అంది.

భ్రమరాంబని అడిగి ఇంట్లోంచి ములక్కాడలు తెప్పించారు. వేలంత ముక్కలు కోసి, ఒకటి తీసుకెళ్ళి సరిగ్గా సాంబశివరావు చెయ్యి పెట్టిన చోట పెట్టారు. మొదట ఫిరోజా స్టూలు మీద కూర్చుంది, ములక్కాడ నలిగితే వెంటనే నొక్కాలన్న ఒప్పందంతో. బల్ల కదిలింది. అది ఇంకా దూరంగా ఉండగానే దీపం వెలిగి, మిషను ఆగింది. ఫిరోజా బటన్ నొక్కింది. ములక్కాడకి గీత పడలేదు.

రెండోసారి స్టూలు ఖాళీ. మణిమాల మిషనుని నడిపించి దూరంగా గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. బల్ల వచ్చింది. దీపం వెలగలేదు. ములక్కాడ పిప్పయింది.

ఆ చప్పుడుకి సాంబశివరావు కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. భ్రమరాంబ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

మూడోసారి ఫిరోజా స్టూలు మీదే ఉంది కానీ, గోడవైపు తిరిగి, చెవులకి పాటలు పెట్టుకుని, విశాఖలో చెల్లెలికి మెసేజీలు కొడుతూ కూర్చుంది. దీపం వెలగలేదు. ఆ ములక్కాడా పోయింది. మనిషి కూర్చుంటే చాలదు, చూసేవాళ్ళూ నొక్కేవాళ్ళూ అయ్యుండాలి. పొద్దు వాలేదాకా మార్చి మార్చి చేశారు. ఆ రోజు ఆ ఇంట్లో ములక్కాడల పులుసు ఇంకెవరూ అడగలేదు.

ఫిరోజా స్టూలు మీంచి లేవకుండా తల పట్టుకుంది. "పరీక్షలన్నిట్లో అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. ఎన్ని నెలలు కొలిచాం మణీ! వేడి కొలిచాం, తేమ కొలిచాం, తీగ పొడుగు కొలిచాం. ఆవిడ కూర్చుందని మాత్రం ఎక్కడా రాసుకోలేదు."

"మనకి అలవాటైపోయింది. గోడలాగా, స్తంభంలాగా," అంది మణిమాల. అత్తయ్య వైపు తిరిగింది. ఆసుపత్రిలో ఆమె అన్న మాట దుఃఖంలో అన్నదే. అయినా అక్షరాలా నిజమైంది. "నువ్వుంటే వెలిగేదే అత్తయ్యా. ఆ పిన్ను ఇన్నాళ్ళూ చెప్పింది నీ సంగతే. నిన్ను ఇంటికి పంపేసి దాన్ని నమ్ముకున్నాం."

భ్రమరాంబకి అప్పుడు ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో రానిదంతా అక్కడ వచ్చింది. "అప్పుడు నవ్వారు కదే మీరిద్దరూ, కూర ఉప్పయిందని," అంది మధ్యలో. మణిమాల సిగ్గుతో తల దించుకుంది. సాంబశివరావు మాత్రం మెల్లిగా, "ఉప్పు నిజంగానే ఎక్కువైందిలే," అన్నాడు. ఆమె ఏడుపులోనే ఆయన్ని ఒక్కటి వేసింది, మంచి చేతి వైపే.

మర్నాటి నుంచి పని మొదలైంది. దీపం మానెయ్యక్కర్లేదు. అది చేసే మేలు అబద్ధం కాదు. దాని పక్కన మనిషి ఉండాలి, అంతే. కానీ మనిషిని ఉంచండని కాగితం మీద రాసిస్తే ఆటోనగర్ వింటుందా?

"స్టూలు కింద ఒక స్విచ్చి పెడదాం. కూర్చుంటేనే మిషను నడిచేట్టు," అంది ఫిరోజా.

సాంబశివరావు పగలబడి నవ్వాడు. "అమ్మాయ్, తలుపు తీస్తే మిషను ఆగాలని కంపెనీవాడు స్విచ్చి పెడితే, మావాళ్ళు డబ్బా విప్పకముందే జంపరు వేస్తారు. స్టూలు మీద ఇటుక పెడతారు. బరువు చాలకపోతే రెండిటుకలు."

మణిమాలకి ఆ ఇటుక మాట పట్టుకుంది. ఇటుక కూర్చోగలదు. ఇటుక చెయ్యలేనిది ఏంటి? అడిగితే జవాబు చెప్పడం.

వారం తిరక్కుండా ఆమె కంట్రోలరుకి గంట కొట్టడం నేర్పింది. మిషను నడుస్తుండగా తనకి తోచినప్పుడు, ఎవరికీ చెప్పకుండా ఒకసారి గంట కొడుతుంది. స్టూలు మీది మనిషి బటన్ నొక్కాలి. నొక్కితే ఒక్క క్షణం ఆగి మళ్ళీ పనిలో పడుతుంది. నొక్కకపోతే అక్కడితో సరి, మనిషి వచ్చేదాకా కదలదు. నొక్కే మనిషి ఉంటే, ఆ నొక్కుడు నాలుగు సెకన్ల ముందే తెలిసి, గంట కొట్టకముందే దీపం వెలుగుతుంది కాబట్టి తోడు ఉందని మిషను దగ్గరున్నవాళ్ళకి ధైర్యం.

"అంటే ఇది మధ్యమధ్యలో 'ఉన్నావా' అని అడుగుతుందన్నమాట," అన్నాడు సాంబశివరావు.

"అంతే మావయ్యా."

కొనేవాళ్ళకి మణిమాలే స్వయంగా ఫోన్లు చేసింది. మిషనుకి ఇద్దరు కావాలని, లేకపోతే దీపం ఇచ్చేది లేదని చెప్పింది. కొందరు వద్దనుకున్నారు. ఇంకొందరు బేరం ఆడబోతే, షెడ్డుకి రమ్మని, ములక్కాడ చేతిలో పెట్టి, ఖాళీ స్టూలు చూపించింది. వచ్చినవాళ్ళలో వద్దని వెళ్ళినవాళ్ళు తక్కువ. ఫిరోజా పక్కన నిలబడి, తన ఎనిమిదేళ్ళ కష్టాన్ని తన నోటితోనే సగానికి తగ్గించి చెప్పింది. అలా చెప్పిన రోజు ఆమెకి అన్నం దిగింది.

ఇక మిగిలింది ఇంటి స్టూలు. ఆయుధపూజ రోజు మిషనుకి పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయల దండ కట్టారు. ఈసారి దారంతో గుచ్చారు, సెన్సారుకి దూరంగా కట్టారు. కొబ్బరికాయ కొట్టాక సాంబశివరావు భార్యకేసి చూసి, మొహమాటపడుతూ స్టూలు దుమ్ము దులిపాడు.

"కూర్చోవే."

"నేను కూర్చోను," అంది భ్రమరాంబ.

అందరూ ఆమెకేసి చూశారు.

"ఆ కట్టుతో మీరు ముక్క బిగించలేరు. డాక్టరుగారు ఎడమచెయ్యి కదపొద్దన్నారు. బటన్ నొక్కడానికి కుడిచెయ్యి చాలుగా? మీరే కూర్చోండి. మిషను నేను నడుపుతాను. మణిమాల పది రోజుల్నుంచి నేర్పుతోంది, మీరు మందులేసుకుని నిద్రపోయేటప్పుడు."

సాంబశివరావు మేనకోడలికేసి చూశాడు. మణిమాల ఏమీ ఎరగనట్టు తొమ్మిదో పిన్ను తీగని సర్దింది. ఆయన కాసేపు తటపటాయించి, తను ఎప్పుడూ కూర్చోని ఆ స్టూలు మీద కూర్చున్నాడు. అది ఆయనకి పొట్టిగా ఉంది, మోకాళ్ళు పైకొచ్చాయి.

"నడుం పట్టేస్తుందే దీని మీద," అన్నాడు.

"తెలిసొచ్చిందా," అంది ఆమె, ముక్క బిగిస్తూ. "చెయ్యి బటన్ మీద ఉంచండి. నోరు మీ ఇష్టం."

మిషను కదిలింది. మొదటి మూత మీద అల్యూమినియం చుట్టలు చుట్టలుగా లేచింది. సాంబశివరావుకి చెప్పడానికి కబుర్లేవీ తోచక, జోజిగాడి కొత్త బండి గురించి మొదలుపెట్టాడు. చెప్పడం చేతకాలేదు, మధ్యలో బండి రంగు కూడా మరిచిపోయాడు. ఆమె ఊఁ కొడుతూనే ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డ మణిమాలకి లోపల గుబులుగానే ఉంది. ఆయన ఎన్నో ఏళ్ళుగా మిషనుని చూసిన మనిషే కానీ, ఇంకో మనిషిని చూస్తూ కూర్చున్నవాడు కాదు. చెయ్యి సరిగ్గా పెట్టాడా, కళ్ళెటున్నాయి అని అడగబోయి ఆగింది. అడగాల్సింది తను కాదు.

బల్ల వెనక్కి వస్తోంది. భ్రమరాంబ చెయ్యి పెట్టలేదు. బ్రష్షు పట్టుకుని ఆగి, తలెత్తి దీపంకేసి చూసింది.

దీపం వెలిగింది. బల్ల నిలిచిపోయింది. గంట ఇంకా మోగలేదు, సాంబశివరావు ఇంకా జోజి బండి ఎరుపా నీలమా అని తేల్చుకుంటూనే ఉన్నాడు, తను నొక్కబోతున్నానని ఆయనకే ఇంకా తెలియదు.

"ఉన్నాడులే," అంది భ్రమరాంబ, మణిమాలతో. బ్రష్షుతో తరుగు ఊడ్చేసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు గంట మోగింది.